సంతకం ఎవరిది? ఎయిర్ ఇండియా కథలో ఒక ప్రశ్న



బేగంపేట హ్యాంగర్‌లో ఉద్యోగ జీవితమంతా గడిపిన ఒక విమాన ఇంజినీరు జ్ఞాపకార్థం, ఆయన కుటుంబం నెలకొల్పిన స్మారక నిధి తరఫున జరుగుతున్న ఉపన్యాసం ఇది. తన పేరు ఎక్కడా అచ్చు వేయొద్దనీ, తనతో కలిసి పనిచేసిన వాళ్లందరినీ తలచుకుంటే చాలనీ ఆయన కోరుకున్నారు. ఆ మాట మన్నించి నేనూ పేరు చెప్పను. ఆయన పనిని మాత్రం చెప్తాను. నేను ఇవాళ చెప్పదలచుకున్న చరిత్రంతా ఆ పనిలోంచి చూస్తేనే నాకు అర్థమైంది.

హ్యాంగర్‌లో పనిముట్లు తగిలించే బోర్డు ఒకటి ఉంటుంది. ప్రతి స్పానరు వెనకా, ప్రతి స్క్రూడ్రైవరు వెనకా సరిగ్గా అదే ఆకారంలో రంగు వేసి ఉంటుంది. పనిముట్టు తీసుకుంటే ఆ రంగు గుర్తు బయటపడుతుంది. షిఫ్టు ముగిసేటప్పటికి బోర్డు మీద ఒక్క గుర్తు ఖాళీగా కనిపించినా విమానం కదలడానికి వీల్లేదు. ఇంజిన్ మూతలు మళ్లీ తెరుస్తారు, రెక్కల్లో చేతులు పెట్టి తడుముతారు, నేలంతా గాలిస్తారు. ప్రయాణికులు లాంజ్‌లో ఎంత విసుక్కున్నా సరే, ఆ చిన్న స్పానరు దొరికేదాకా అంతే. పని పూర్తయ్యాక టెక్ లాగ్ అనే పుస్తకంలో ఏం చెడిందో, ఏం చేశారో, ఏ భాగం మార్చారో రాసి, లైసెన్సు నంబరు వేసి ఇంజినీరు సంతకం చేయాలి. ఆ పేజీ చదివి కెప్టెన్ తన సంతకం పెడితేనే విమానాన్ని స్వీకరించినట్టు లెక్క. మనుషులు, సామాను, ఇంధనం ఎంత బరువో, ఆ బరువు ఎక్కడెక్కడ పడుతోందో చూపే లోడ్ షీట్‌కు మళ్లీ వేరే సంతకాలు. విమానం నేల విడిచేలోపు కనీసం నలుగురైదుగురు తమ పేరును, తమ ఉపాధిని ఆ కాగితాల మీద పణంగా పెడతారు.

కింద ఇంత కట్టుదిట్టంగా సంతకాలు చేయించే సంస్థలో, పైన జరిగిన నిర్ణయాల మీద ఎవరి సంతకం ఉంది? ఎయిర్ ఇండియా తొంభై ఏళ్ల కథను నేను ఈ ప్రశ్నతో చదువుతాను. ప్రభుత్వ రంగం మంచిదా, ప్రైవేటు మంచిదా అన్న వాదన మన దగ్గర చాలా జరిగింది. ఆ వాదనకు ఈ సంస్థ చరిత్ర లొంగదు. దాని అత్యుత్తమ దశా, అధ్వాన్న దశా రెండూ ప్రభుత్వ యాజమాన్యంలోనే గడిచాయి.

మొదలు ఉత్తరాలతో. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం కరాచీ దాకా టపా తెచ్చేది. అక్కడి నుంచి దేశం లోపలికి రావాలంటే రైలే గతి. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, ఆ తర్వాత మన దేశంలో ఊరూరా జనాన్ని విమానం ఎక్కించి తిప్పిన నెవిల్ విన్సెంట్ అనే పైలట్ ఈ లోటు గమనించి టాటాల దగ్గరకు వెళ్లాడు. అక్కడ ఆయన మాట విన్నది జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో మొదటి పైలట్ లైసెన్సు అందుకున్న యువకుడు. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వనంది. సబ్సిడీ లేకుండానే నడుపుతామని టాటాలు ఒప్పుకున్నారు. రెండు లక్షల రూపాయల పెట్టుబడి, రెండు చిన్న పుస్ మాత్ విమానాలు, జుహూలో తాటాకు కప్పిన ఒక షెడ్డు, గుప్పెడు మంది మనుషులు. టాటా ఎయిర్ మెయిల్ మొత్తం ఆస్తి అదే.

1932 అక్టోబర్ 15న తెల్లవారుజామున కరాచీ డ్రిగ్ రోడ్ నుంచి జె.ఆర్.డి. ఒక్కడే బయలుదేరాడు. రేడియో లేదు, దారి చూపే పరికరాలు లేవు. వెనక టపా సంచులు. అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి జుహూ చేరాడు. అక్కడి నుంచి విన్సెంట్ రెండో విమానంలో ఆ సంచులు తీసుకుని బళ్లారి చేరి, అక్కడి నుంచి మద్రాసుకు ఎగిరాడు. బళ్లారి అప్పటికి దత్తమండలాల్లో భాగం, మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు. ఆ విధంగా ఈ సంస్థ మొట్టమొదటి ప్రయాణమే మన సీమ గడ్డ మీద దిగి వెళ్లింది. తర్వాత ఆ దారిలో హైదరాబాద్ కూడా చేరింది.

ఆ తొలి సంవత్సరాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు జుహూ మైదానమే కళ్ల ముందు కదులుతుంది. అది సముద్రం ఒడ్డున ఉన్న బురద నేల. వానాకాలం వస్తే నీళ్లు నిలిచి విమానం దిగే వీలుండదు. అందుకని ప్రతి వర్షాకాలం సామానంతా సర్దుకుని పూనాకు మారేవాళ్లు. ఇన్ని అవస్థల మధ్య మొదటి ఏడాది లక్షా అరవై వేల మైళ్లు ఎగిరి, దాదాపు పది టన్నుల ఉత్తరాలు మోసి, 155 మంది ప్రయాణికులను చేర్చి, అరవై వేల రూపాయల లాభం చూపించారు. 155 మంది! టపా సంచుల పక్కన ఇరుక్కుని కూర్చోవడానికి ఒప్పుకున్న వాళ్లన్న మాట. సంస్థ పుట్టింది ప్రయాణికుల కోసం కాదు, ఎవరో ఎవరికో రాసుకున్న ఉత్తరాన్ని వేళకు అందించడం కోసం. తరవాతి రోజుల్లో ఎంత వైభవం వచ్చినా ఈ సంస్థకు నిజమైన గౌరవం దక్కింది ఈ గుణం వల్లనే అని నా నమ్మకం. విన్సెంట్ ఆ వైభవమేదీ చూడలేదు. యుద్ధకాలంలో, 1942లో, ఇంగ్లండు నుంచి తిరిగి వస్తూ విమానంతో సహా గల్లంతయ్యాడు. తొలి విమానం నడిపిన జె.ఆర్.డి. పేరు అందరికీ తెలుసు. ఆ ఆలోచన మోసుకొచ్చిన విన్సెంట్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఉండాలి.

యుద్ధం ముగిశాక 1946 జూలై 29న టాటా ఎయిర్‌లైన్స్ పబ్లిక్ కంపెనీగా మారి ఎయిర్ ఇండియా అన్న పేరు పెట్టుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన హైదరాబాదుకూ సొంత విమాన సంస్థ వచ్చింది. దక్కన్ ఎయిర్‌వేస్. దాని వాటాల్లో పెద్ద భాగం నిజాం ప్రభుత్వ రైల్వేది, మిగతా దాంట్లో టాటాలున్నారు. బేగంపేట దాని స్థావరం. యుద్ధంలో సైన్యం వాడి వదిలేసిన డకోటాలు దాని విమానాలు. ఒక రాజ్యం తన రైల్వే చేతికే విమానాలు కూడా అప్పగించడం గమనించదగ్గ సంగతి. రైలు, బస్సు, విమానం మూడూ ఒకే ప్రయాణ వ్యవస్థలో భాగాలని భావించడం ఆ కాలానికి చాలా ముందుచూపు. మన దేశంలో వాణిజ్య విమానాలు నడిపే లైసెన్సు పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు వేరే సంస్థలు తలుపులు మూసేస్తే, కో పైలట్‌గా ఉద్యోగమిచ్చింది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. హైదరాబాద్ చరిత్ర గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి గానీ ఈ సంస్థ గురించి తెలుగులో ఒక్క మంచి పుస్తకం నా కంటపడలేదు.

ఇక్కడ కాసేపు నాగపూర్ గురించి చెప్పాలి. 1949 జనవరిలో రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. అప్పటి కమ్యూనికేషన్ల మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ పట్టుబట్టి తెచ్చిన పథకం. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి రాత్రి పొద్దుపోయాక నాలుగు విమానాలు లేచేవి. నాలుగూ అర్ధరాత్రి దాటాక నాగపూర్‌లో దిగేవి. అక్కడ సంచులు మార్చుకునేవాళ్లు. మద్రాసు సంచి ఢిల్లీ విమానంలోకి, కలకత్తా సంచి బొంబాయి విమానంలోకి. తెల్లవారేసరికి నాలుగూ ఎక్కడివక్కడికి తిరిగి చేరేవి. సాయంత్రం మద్రాసులో డబ్బాలో వేసిన ఉత్తరం మర్నాడు ఢిల్లీలో చేతికందేది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి మామూలు స్టాంపు అంటించిన ఉత్తరం కూడా దేశం లోపల అదనపు రుసుం లేకుండా విమానం ఎక్కింది.

ఈ ఏర్పాటులో కిటుకంతా వేళలోనే ఉంది. నాలుగింట్లో ఏ ఒక్కటి ఆలస్యమైనా మిగతా మూడూ కాచుకుని ఉండాలి, లేదా వదిలేసి వెళ్లిపోవాలి. ఎదురుచూస్తే నాలుగు నగరాల టపా పాడవుతుంది, వెళ్లిపోతే ఒక నగరానిదే. ఆ నిర్ణయం అర్ధరాత్రి నాగపూర్ రన్‌వే పక్కన నిలబడ్డ ఒక అధికారి తీసుకోవాలి. ఢిల్లీకి ఫోను చేసి అనుమతి అడిగే వ్యవధి లేదు. నిర్ణయం ఆయనది, సంతకం ఆయనది, తెల్లారాక సంజాయిషీ ఆయనదే. తొలినాళ్లలో హిమాలయన్ ఏవియేషన్ నడిపిన ఈ సర్వీసులో దక్కన్ ఎయిర్‌వేస్ కూడా పాలుపంచుకుంది. తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ దాన్ని 1970ల తొలినాళ్ల దాకా నడిపింది. రాడార్లు అంతంత మాత్రంగా ఉన్న కాలంలో, డకోటాలతో, వానల్లో, మంచులో ఇన్నేళ్లు నడిచిన ఆ సర్వీసు మన పౌర విమానయానంలో అతి గొప్ప పని అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఇక మళ్లీ కాస్త వెనక్కి, విదేశీ ప్రయాణాల దగ్గరకు. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు మలబార్ ప్రిన్సెస్ అనే కాన్‌స్టలేషన్ విమానం వెళ్లింది. ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ అన్న ఆ కొత్త కంపెనీలో ప్రభుత్వానికి 49 శాతం వాటా. ఐదేళ్లకు, 1953 ఆగస్టు 1న, మొత్తం జాతీయమైంది. ఎనిమిది దేశీయ సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు, దక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో కలిసిపోయింది. విదేశాలకు వెళ్లేది ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్.

జె.ఆర్.డి. జాతీయకరణను గట్టిగా వ్యతిరేకించారు. తనను సంప్రదించిన తీరుకు నొచ్చుకున్నారు కూడా. అయినా నెహ్రూ కోరితే అధ్యక్ష పదవి తీసుకున్నారు. జీతం తీసుకోలేదు. పాతికేళ్లు ఉన్నారు. ఆ పాతికేళ్లూ ప్రభుత్వ సంస్థలోనే గడిచాయన్నది మనం మరచిపోకూడదు. 1960లో బోయింగ్ 707 వచ్చింది, ఆ ఏడాది మే నెలలోనే న్యూయార్క్‌కు సర్వీసు మొదలైంది. 1962 నాటికి జెట్ విమానాలు తప్ప వేరే ఏవీ లేని తొలి విమాన సంస్థగా పేరు తెచ్చుకుంది. 1971లో ఎంపరర్ అశోక అనే జంబో వచ్చింది. కిటికీల చుట్టూ రాజస్థానీ ఝరోకాల బొమ్మలు. బాబీ కూకా ఊహలో పుట్టి, ఉమేష్ రావు కుంచెలో రూపం దిద్దుకున్న మహారాజా బొమ్మ గురించి చాలామంది చాలా రాశారు. నేను దాని దగ్గర ఆగను.

ఆగవలసింది జె.ఆర్.డి. రాసే చిన్న చీటీల దగ్గర. ఎక్కడికి వెళ్లినా సొంత సంస్థ విమానంలోనే వెళ్లేవారు, దిగాక ఆఫీసుకు రాసి పంపేవారు. విమానంలో ఇచ్చిన టీకి, కాఫీకి రంగులో తేడా తెలియడం లేదని ఒకసారి. కర్టెన్లు, సీట్లు, సిబ్బంది జుట్టు దువ్వుకునే తీరు, గ్లాసుల పరిశుభ్రత, ఏదీ వదిలేవారు కాదు. కౌంటరు మీద దుమ్ము కనిపిస్తే స్వయంగా తుడిచేవారని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పుకొచ్చారు. అధ్యక్షుడి స్థాయి మనిషి టీ రంగు గురించి ఎందుకు రాయాలి? అది చిన్న విషయం కాదు. టీ సంగతి తనకూ తెలుసని పై అధికారి సంతకం చేసి పంపితే, చక్రాల సంగతి తనకు తెలియదని కింది అధికారి అనలేడు. కింద హ్యాంగర్‌లో ఇంజినీరు పెట్టే సంతకమూ, పైన అధ్యక్షుడు రాసే చీటీ కింద సంతకమూ ఒకే నియమానికి కట్టుబడ్డాయి. ఆ కాలపు విజయానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు కనిపించదు.

విషాదాలు అప్పుడూ జరిగాయి. 1950 నవంబరులో మలబార్ ప్రిన్సెస్ మాంట్ బ్లాంక్ పర్వతాన్ని ఢీకొంది. 1966 జనవరి 24న కాంచన్‌జంగా అన్న 707 అదే పర్వతం మీద కూలి, హోమీ భాభాతో సహా 117 మంది పోయారు. 1955 ఏప్రిల్‌లో కాశ్మీర్ ప్రిన్సెస్‌ను బాంబు పెట్టి పేల్చారు. గురి చైనా ప్రధాని చౌ ఎన్‌లై మీద, ఆయన ఆ విమానం ఎక్కలేదు. 1978 జనవరి 1న ఎంపరర్ అశోక బొంబాయి నుంచి లేచిన రెండు నిమిషాల లోపే అరేబియా సముద్రంలో పడిపోయింది. 213 మంది. విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం తప్పు చూపింది, బయట చీకటి, కింద నీళ్లు, కంటికి ఆనవాలు లేదు.

ఆ ప్రమాదం జరిగిన మరుసటి నెలలోనే మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం జె.ఆర్.డి.ని తొలగించింది. ఆ సంగతి ఆయనకు ప్రభుత్వ ఉత్తరం కన్నా ముందు, తన స్థానంలోకి వస్తున్న ఎయిర్ చీఫ్ మార్షల్ పి.సి. లాల్ నోటి నుంచే తెలిసింది. లాల్ సమర్థుడు, గౌరవనీయుడు. ఆ నియామకాన్ని తప్పుపట్టను. ఆ తీరును తప్పుపడతాను. పాతికేళ్లు జీతం లేకుండా పనిచేసిన మనిషికి ఎందుకు తీసేస్తున్నామో చెప్పలేదు. కారణం రాసి, కింద సంతకం పెట్టే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. నా దృష్టిలో ఆ సంస్థ పతనానికి మొదటి మెట్టు అదే. ఆ తర్వాత అధ్యక్షులు వస్తూ పోతూ ఉన్నారు, ఏ నిర్ణయమైనా మంత్రిత్వ శాఖ గదుల్లో తిరిగి తిరిగి, చివరికి ఎవరిదో తెలియకుండా బయటికి వచ్చేది.

1985 జూన్ 23 నాటి కనిష్క విషయంలో నేను కొంచెం వివరంగా మాట్లాడాలి. ఐర్లండ్ తీరాన సముద్రం మీద పేలిపోయిన ఆ జంబోలో 329 మంది ఉన్నారు, ఎక్కువ మంది కెనడా పౌరులైన భారత సంతతి వారు. బాంబు పెట్టింది ఖలిస్తానీ తీవ్రవాదులు. అది ఎలా ఎక్కిందో చూడండి. వాంకూవర్‌లో ఒక మనిషి కెనడియన్ పసిఫిక్ కౌంటరుకు వచ్చాడు. అతడికి ఢిల్లీ వెళ్లే విమానంలో సీటు ఖాయం కాలేదు. అయినా సూట్‌కేసును నేరుగా ఢిల్లీ దాకా పంపాలని పట్టుబట్టాడు. కౌంటరు ఉద్యోగిని మొదట కుదరదంది, వెనక వరస పెరుగుతోంది, చివరికి ఒప్పుకుంది. మనిషి ఎక్కలేదు, పెట్టె ఎక్కింది. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం చెడిపోతే చేతిలో పట్టుకునే ఒక పరికరంతో వాసన చూశారు. పెట్టె ఒక సంస్థ చేతి నుంచి మరో సంస్థ చేతికి మారింది. ఈ గొలుసులో ప్రతి కొక్కెం దగ్గరా ఒక మనిషి ఉన్నాడు, కానీ ఆ పెట్టె వెనక ప్రయాణికుడు ఉన్నాడో లేడో నేను చూశానని చెప్పే బాధ్యత ఒక్కరి మీదా లేదు. ఆ తర్వాతే ప్రయాణికుడు ఎక్కకపోతే అతడి సామాను దింపేయాలన్న నియమం ప్రపంచమంతా పట్టుదలగా అమల్లోకి వచ్చింది. మీరు ఇవాళ విమానంలో కూర్చున్నాక, ఎవరో ఎక్కలేదని సామాను దింపుతున్నారనీ, పావుగంట ఆలస్యమవుతుందనీ చెప్తే, దయచేసి విసుక్కోకండి. ఆ పావుగంట 329 మంది ప్రాణాల ఖరీదుతో వచ్చింది.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన ఘట్టం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో చొరబడింది. అప్పుడు అక్కడ లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవాళ్లున్నారు. కేరళ వాళ్ల తర్వాత పెద్ద సంఖ్యలో ఉన్నవాళ్లలో తెలుగువాళ్లు ఒకరు. కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, చిత్తూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి పోయినవాళ్లు. డ్రైవర్లు, కూలీలు, వంటవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఖద్దామాలు. పాస్‌పోర్టు చాలామందికి యజమాని దగ్గరే ఉండేది. యజమాని పారిపోయాక ఆ ఇంట్లో మిగిలింది ఖద్దామా ఒక్కతే. దినార్లకు విలువ పోయింది. ఊళ్లో అప్పు చేసి పోయిన మనిషి చేతిలో చిల్లిగవ్వ లేకుండా, కాగితం లేకుండా, భాష రాని దేశంలో నిలబడిపోయాడు.

కువైట్ విమానాశ్రయం మూతపడింది. సైనిక విమానాలను ఆ ఆకాశంలోకి పంపాలంటే అనుమతుల చిక్కులు. పౌర విమానాలైతే కాస్త వెసులుబాటు. అందుకని పని ఎయిర్ ఇండియా భుజం మీద పడింది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి దారి తెరిపించారు. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు చేర్చడం, అక్కడి నుంచి విమానంలో బొంబాయికి. 59 రోజుల్లో 488 విమానాలు, లక్షా పదకొండు వేల మందికి పైగా జనం. ఒక పౌర విమాన సంస్థ ఇంతమందిని తరలించడం ఇంతకు ముందెప్పుడూ జరగలేదని గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు.

అంకెలు వినడానికి తేలికగా ఉంటాయి. వాటి వెనక పని ఊహించండి. సంస్థకు ఉన్న పెద్ద విమానాలు కొద్ది. వాటితోనే రోజువారీ లండన్, న్యూయార్క్ సర్వీసులు నడవాలి. సగటున రోజుకు ఎనిమిది విమానాలు అమ్మాన్‌కు పోయి రావాలి. పైలట్లకు ఇన్ని గంటలకు మించి నడపకూడదన్న నిబంధన ఉంది కాబట్టి మార్చుకోవడానికి అదనపు సిబ్బంది కావాలి. ఒక్కో విమానం దిగి మళ్లీ లేచే మధ్యలో ఎవరో ఒక ఇంజినీరు చక్రాలు, ఇంజిన్లు చూసి ఆ పుస్తకంలో సంతకం పెట్టాలి. అమ్మాన్‌లో పాస్‌పోర్టు లేని మనిషి ఎదురుగా నిలబడితే ఎక్కించాలా వద్దా? ఎక్కించారు. ఎంబసీ వాళ్లు ఇచ్చిన కాగితం చూసి, కాగితం లేకపోతే మాట విని, ఎక్కించారు. మామూలు రోజుల్లో ప్రతి పనికీ అనుమతి కోసం ఢిల్లీ వైపు చూసే సంస్థ, ఆ రెండు నెలలూ తన నిర్ణయాలు తానే తీసుకుంది. ఆ మనుషులే, ఆ విమానాలే, ఆ ప్రభుత్వమే. చేసే అధికారం, చెప్పుకోవలసిన బాధ్యత ఒకే చేతిలో పడ్డాయి, అంతే తేడా.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ల గురించి త్వరగా చెప్తాను, బాధ కలిగించే భాగం. విదేశీ సంస్థలకు ఇక్కడికి వచ్చే హక్కులు పెరిగాయి, గల్ఫ్ ప్రయాణికులు దుబాయ్, దోహాల మీదుగా పోవడం మొదలుపెట్టారు. ఖర్చులో మూడో వంతుకు పైగా ఇంధనానికే పోయే వ్యాపారంలో చమురు ధరలు పెరిగాయి. అదే సమయంలో ఎయిర్ ఇండియాకు 68 బోయింగ్‌లు, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు 43 ఎయిర్‌బస్‌లు, ఎక్కువగా అప్పుల మీదే. 2007లో రెండు సంస్థలనూ కలిపేశారు. ఒకరివి బోయింగ్‌లు, ఇంకొకరివి ఎయిర్‌బస్‌లు. జీతాల లెక్క వేరు, ప్రమోషన్ల వరస వేరు, కంప్యూటర్ వ్యవస్థలు వేరు. సీనియారిటీ పట్టికలు సరిచేయడానికి ధర్మాధికారి కమిటీ వేయవలసి వచ్చింది. 2012లో పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. విమానాల కొనుగోలును కాగ్ తప్పుపట్టింది. ఆ తప్పు ఎవరిదని అడిగితే సంస్థ ప్రభుత్వం వైపు, ప్రభుత్వం బోర్డు వైపు, బోర్డు సలహాదారుల వైపు చూపించాయి. లక్ష కాగితాలున్నా ఒక సంతకం తేలలేదు.

ఇక్కడ ఉద్యోగుల గురించి ఒక మాట. అప్పులకు కారణం ఎక్కువ మంది ఉద్యోగులు, వాళ్ల యూనియన్లు అని పత్రికలు తేలిగ్గా రాసేశాయి. బేగంపేట పక్కన ఫిరోజ్‌గూడలోని శిక్షణ కేంద్రంలో సిమ్యులేటర్ల మీద తరతరాల పైలట్లు తయారయ్యారు. ఆ గదుల్లో ఇంజిన్ ఆగిపోవడం, మంటలు రావడం, చక్రాలు దిగకపోవడం మళ్లీ మళ్లీ అభ్యాసం చేయించిన గురువులున్నారు. తర్వాత వచ్చిన ప్రైవేటు సంస్థలు తమ పైలట్లను, ఇంజినీర్లను చాలామందిని ఈ ప్రభుత్వ సంస్థల నుంచే తీసుకున్నాయి. ఆ చదువు ఖర్చు ఎవరి పద్దులో రాయాలి? నష్టాల లెక్కలో ఆ లాభం ఎప్పుడూ కనిపించలేదు.

2017లో అమ్మకానికి మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరం వారు, అశోక్ గజపతిరాజు గారు. 2018లో 76 శాతం వాటా అమ్మకానికి పెడితే ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి 2021 అక్టోబర్ 8న టాటాల 18,000 కోట్ల బిడ్ నెగ్గింది. అందులో 15,300 కోట్లు అప్పుల బదలాయింపు, 2,700 కోట్లు నగదు. అప్పటికి సంస్థ రోజుకు ఇరవై కోట్లు నష్టపోతోందని అధికారులే చెప్పారు. 2022 జనవరి 27న తాళాలు చేతులు మారాయి. 2023లో 470 విమానాలకు ఆర్డరు, 2024 నవంబరులో విస్తారా విలీనం.

అందరూ ఇల్లు చేరిందని సంతోషించారు, నేనూ సంతోషించాను. యజమాని మారితే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని మాత్రం అనుకోలేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో డ్రీమ్‌లైనర్ కూలిపోయింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడి నేల మీద వాళ్లు కూడా చనిపోయారు. లేచిన వెంటనే రెండు ఇంజిన్లకూ ఇంధనం ఆగిపోయిందని జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక తెలిపింది. ఎందుకు ఆగిందో దర్యాప్తు చెప్పాలి. అది చెప్పేలోగా చనిపోయిన పైలట్ల మీద అనుమానాలు రాసి పారేయడం సభ్యత కాదు. దర్యాప్తు నుంచి మనం అడగాల్సింది ఒకటుంది: ఎవరిని నిందించాలో చెప్పడం కన్నా, ఏ దశలో ఎవరు ఏం చూశామని రాశారో, ఏం చూడలేదో పూర్తిగా బయటపెట్టమని. నేటి పౌర విమానయాన మంత్రి కూడా మన శ్రీకాకుళం వారే. తుది నివేదికను ఆలస్యం చేయకుండా, తగ్గించకుండా ప్రచురించాలని ఈ వేదిక నుంచి ఆయనను కోరుతున్నాను.

ఇక చివరగా ఒక పని గురించి. దక్కన్ ఎయిర్‌వేస్ నాటి కాగితాలు, బేగంపేట హ్యాంగర్ల ఫొటోలు, రోస్టర్లు, పాత లైసెన్సు పుస్తకాలు చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. 2008 మార్చిలో వాణిజ్య విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక వాటి గురించి అడిగేవాళ్లు తగ్గారు. ఇంకా అత్యవసరమైనది మరొకటి. 1990లో అమ్మాన్ మీదుగా తిరిగొచ్చిన మనవాళ్లకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు. ఆ తరలింపు గురించి ఉన్నదాంట్లో ఎక్కువ భాగం అధికారుల మాటల్లోనే ఉంది, ఎక్కినవాళ్ల మాటల్లో తక్కువ. రాజంపేట, రాయచోటి, అమలాపురం వైపు విద్యార్థులు వెళ్లి వాళ్లను కూర్చోబెట్టి అడగాలి: కువైట్ నుంచి ఏ దారిన వచ్చారు, బస్సుకు డబ్బు ఎవరిచ్చారు, ఎడారిలో ఎన్నాళ్లు ఆగారు, పాస్‌పోర్టు లేకపోతే అమ్మాన్‌లో ఏం చెప్పారు, బొంబాయిలో దిగాక ఊరికి రైలు ఎవరు ఎక్కించారు, మళ్లీ ఎప్పుడు పోయారు. ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేసి ఈ సాయంత్రమే నిధి నిర్వాహకులకు ఇచ్చాను. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి కేటాయించే సొమ్ములో సగం ఆ పనికి మళ్లించమని అడిగాను. కుటుంబం వారు ఒప్పుకున్నారు. కడప జిల్లా విద్యార్థులు ఎవరైనా ఈ సభలో ఉంటే, సభ ముగిశాక నన్ను కలవండి.